తల్లిచెట్టు పేరు

అత్తను పక్కకు తిప్పి, తడిసిన గుడ్డ లాగి, పొడిది పరిచి, వీపుకు పౌడరు రాసి మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టేసరికే నాగరాణికి రోజంతా గడిచిపోయినట్టుండేది. అసలు రోజు ఆ తర్వాత మొదలయ్యేది.

జహీరాబాద్ నుంచి మొగుడంపల్లి పోయే రోడ్డు మీద వాళ్ల ఇల్లు. ఇంటి చుట్టూ ఉన్న జాగాలోనే చిన్న నర్సరీ. భర్త నాగరాజ్ ట్రాక్టర్ల కంపెనీలో షిఫ్టుల మీద పని చేస్తాడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఇంటికి వచ్చాడంటే తిని పడుకోవడమే. వానాకాలం మొదట్లో అత్త చెన్నమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. దవాఖానలో రాడ్ వేశారు గానీ నడక రాలేదు. అప్పటి నుంచి మంచం దగ్గర పని, మొక్కల దగ్గర పని, పొయ్యి దగ్గర పని, అన్నీ నాగరాణివే. రోడ్డు మీద చెరకు లారీలు పోయినప్పుడల్లా లేచే దుమ్ము ఆకుల మీద పడితే దాన్ని కడగడం కూడా ఆమె పనే.

ఇంత పనిలోనూ ఆమె తనకోసం ఒకటి చేసుకుంది. గులాబిని పుట్టించింది.

మూడేళ్ల కింద ఉద్యాన శిక్షణకు పోయినప్పుడు రెండు గులాబీలను ఎట్లా కలపాలో చూపించారు. ఇంటికి వచ్చాక చలికాలంలో మొదలుపెట్టింది. పొద్దున్నే, పువ్వు పూర్తిగా విచ్చకముందే, తల్లిచెట్టు పువ్వు రేకులు తెంపి, లోపలి పుప్పొడి తిత్తులను చిన్న కత్తెరతో తీసేసేది. మరునాడు తండ్రిచెట్టు పుప్పొడిని కుంచెతో అద్ది, కాగితం సంచి కట్టేది. కొన్ని వాడిపోయాయి. కొన్ని ఉడతలు కొరికాయి. కొన్ని మాత్రం వేసవి దాకా నిలిచి, కాయ కట్టి, చిన్న నిమ్మకాయల్లా ఉబ్బి, నారింజ రంగు తిరిగాయి. గింజలను తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో కూరగాయల కింద పెడితే, "గులాబి గింజలు తినమంటవా ఏంది" అన్నాడు నాగరాజ్. మొలిచినవి కొద్దే. మొలిచిన వాటిలో చాలామటుకు కాండం మెత్తబడి ఒరిగిపోయాయి. చివరికి మిగిలింది ఒక్కటి.

ఆ ఒక్కదాని కొమ్మను నాటు గులాబి మీద అంటు కట్టింది. ఈ ఏడు దసరా తర్వాత అది నిండుగా పూసింది. రేకుల లోపల పండిన ఎర్ర జామకాయ లోపలి రంగు, బయట పలచని పసుపు. మొగ్గ పొడుగ్గా లేచి, నడుమ సూదిగా నిలబడి, మెల్లగా విచ్చుకునేది. వాసన మాత్రం తండ్రిదే, గాఢంగా ఉండేది. పని మధ్యలో దాని దగ్గర ఆగి, నడుం మీద చేయి పెట్టుకుని కాసేపు చూసి మళ్లీ పోయేది నాగరాణి. ఇంట్లో అన్నీ ఎవరో ఒకరివి. ఇదొక్కటే తనది.

ఒక మధ్యాహ్నం బీదర్ పోతున్న ఒకాయన కారు ఆపి నర్సరీలోకి వచ్చాడు. పేరు రాజశేఖర్. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. హైదరాబాద్‌లో గులాబీలు పెంచేవాళ్ల సంఘంలో ఉన్నాడు. మామూలుగా కుండీలు చూసుకుంటూ వచ్చిన మనిషి ఆ మొక్క దగ్గర ఆగిపోయాడు.

"ఇది ఎవరి దగ్గర కొన్నారమ్మా?"

"కొనలే సార్. నేనే చేసిన."

ఆయనకు ముందు అర్థం కాలేదు. ఆమె కుంచె, సంచి, ఫ్రిజ్ అన్నీ చెప్పాక కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"తండ్రి ఏది?"

"పాపా మెయిలాండ్ అనే ఎర్ర గులాబి సార్. గా మూల కుండీల ఉంది."

"తల్లి?"

నాగరాణి వెనక ఉన్న కంచె వైపు చూపించింది. అక్కడ మోకాలంత లావు మొద్దు నుంచి లేచిన పాత గులాబి ఉంది. పసుపు పువ్వులు, రేకుల అంచులకు రాగి కలిసిన గులాబి రంగు.

"దాని పేరు తెల్వదు సార్. మా అత్తది. నేను కాపురానికొచ్చినప్పటికే ఉన్నది."

రాజశేఖర్ దాన్నీ వంగి చూశాడు. "ఇది పీస్ అనే గులాబిలా ఉంది. కానీ పీస్ కాదు. రంగు ఎక్కువుంది." లేచి నిలబడ్డాడు. "జనవరిలో మా ప్రదర్శన ఉంటుంది. కొత్తగా పుట్టించిన వాటికి విడిగా ఒక బల్ల పెడతాం. తీసుకురండి. తల్లి తెలియకపోతే తెలియదనే రాస్తాం, తప్పేమీ లేదు. కానీ కొత్త గులాబిని చూసినవాళ్లు ముందు అడిగేది అదే, దీని తల్లిదండ్రులెవరని."

ఆయన పోయాక నాగరాణి అత్తకు జావ తాగిస్తూ అడిగింది.

"అత్తా, కంచె పక్క గులాబి ఏడికెల్లి తెచ్చినవ్?"

"మా అమ్మగారింటికెల్లి" అంది చెన్నమ్మ. "ఎన్నిసార్లు చెప్పిన నీకు."

ఆమె పుట్టిల్లు సరిహద్దు దాటాక బీదర్ వైపు ఒక ఊళ్లో. తమ్ముడు అక్కడే ఉన్నాడు. నాగరాణి ఆయనకు ఫోన్ చేసింది. ఆయన పెద్దగా నవ్వాడు.

"మా ఇంట్ల గులాబా? నల్లరేగడి, ఇంటినిండ మేకలు. తులసిచెట్టే బతకకపోయేది తల్లీ!"

సాయంత్రం ఆ మాట చెప్తే చెన్నమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది. "గా పువ్వుల ముచ్చట ఇడిసిపెట్టు. నా కాలు గుంజుతున్నది, జర నూనె రాయి" అంది. నాగరాణి నూనె రాసింది.

అన్నం పెడుతూ నాగరాజ్‌ను అడిగింది. అతను ముద్ద కలుపుతూ, తెలిసిన విషయం చెప్పినట్టే చెప్పాడు.

"గది పెద్దమ్మది గావచ్చు."

"ఏ పెద్దమ్మ?"

"నాయిన మొదటి పెండ్లాం. బస్వమ్మ. పిల్లలు కాలేదని తాత మా అమ్మను తెచ్చి చేసిండట. ఆమె ఇల్లు ఇడిసి పోయింది. న్యాల్‌కల్ దిక్కు వాళ్ల తమ్ముని ఊళ్లె ఉంటదని విన్న."

నాగరాణి చేతిలో గరిటె అట్లాగే ఆగింది. మామ మహాదేవప్ప పోయి చాలా ఏళ్లయింది. గోడ మీద దండ వేసిన ఫోటోకు రోజూ తనే దీపం పెడుతుంది. ఆ మనిషికి ఇంకో పెళ్లాం ఉందని ఇంతవరకు తెలియదు.

"నేనీ ఇంటికొచ్చి ఇరవై ఏండ్లు దాటె. ఒక్కలన్న చెప్పిన్రా?"

"నువ్వు అడిగితివా?" అన్నాడు నాగరాజ్. కోపంగా కాదు, అలసటగా. రాత్రి షిఫ్టుకు టైమవుతోంది.

ఆదివారం అతను ఇంట్లో ఉన్నప్పుడు అత్తను అప్పజెప్పి నాగరాణి న్యాల్‌కల్ బస్సెక్కింది. టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ పరిచి రెండు పువ్వులు పెట్టుకుంది. ఒకటి కంచె గులాబి, ఒకటి తనది. బస్సులో కిటికీకి తల ఆనించగానే నిద్ర పట్టింది. కండక్టర్ తట్టి లేపాడు. అక్కడి నుంచి ఆటోలో ఊరికి పోయి, బస్వమ్మ ఇల్లు అడిగింది. ఆ ఊళ్లో అందరికీ తెలుసు. చాలాకాలం ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా చేసిన మనిషి.

తమ్ముడి ఇంటి పక్కనే ఒంటిగది. అరుగు మీద ఒక ముసలామె చాటలో జొన్నలు ఏరుతోంది. ఎముకలు గట్టివి, నడుం వంగలేదు. నాగరాణి తను ఎవరి కోడలో చెప్పింది. బస్వమ్మ చేయి ఆగలేదు.

"మహాదేవప్ప కోడలివా? ఆయన పోయినప్పుడు కబురొచ్చింది. నేను రాలే."

"గందుకు రాలేదమ్మా నేను" అంటూ నాగరాణి డబ్బా మూత తీసింది.

బస్వమ్మ పువ్వులను చూసింది. కొత్తదాన్ని ముట్టుకోలేదు. కంచె గులాబిని తీసి, తిరగేసి, రేకుల వెనక చూసింది.

"ఇది ఇంకా ఉన్నదా?" అంది చివరికి.

"ఉన్నదమ్మా. పెద్దగయింది. మొద్దు ఇంత లావున్నది. దీని పేరేందో తెలుసుకుందామని వచ్చిన."

లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇచ్చి, బస్వమ్మ మళ్లీ కూర్చుంది. చాట పక్కకు పెట్టింది.

"పెండ్లికి ముందు నేను బీదర్ అవుతల ఒక మిషన్ బంగ్లల పని చేసేదాన్ని. అంట్లు తోముడు, తోటకు నీళ్లు పెట్టుడు. అక్కడి తెల్ల దొరసానికి గులాబీలంటే పానం. అండ్ల పసుపుపచ్చది ఒకటుండె, పీస్ అనేది దాన్ని. అంటే శాంతి అని మాకు చెప్పింది. ఒక ఏడు ఆ చెట్టుకు ఒక్క కొమ్మ వేరే తీర్గ పూసింది. అంచుకు రాగి రంగు. చెట్టు చెడిపోయిందని మాలి కొమ్మ కోసి పారేస్తుంటే నేను అడుక్కున్న. నాటుదాని మీద అంటు కట్టుడు ఆయననే నేర్పిండు. పెండ్లయినంక కుండల పెట్టుకొని అత్తగారింటికి తెచ్చిన. వాకిట్ల పెట్టిన."

"వాకిట్లనా? ఇప్పుడు ఎన్క కంచె పక్కన ఉన్నదమ్మా."

"నేను పెట్టింది వాకిట్ల" అంది బస్వమ్మ గట్టిగా.

తర్వాత బస్వమ్మే చెప్పింది.

"చెన్నమ్మను తెచ్చిననాడు నన్ను ఎవ్వలు పొమ్మనలే. వంటింట్ల ఉండుమన్నరు. నేను ఉండలే. పోయేటప్పుడు దీన్ని పెరుకుదామనుకున్న. గుంజిన. మొదలు కదిలింది గాని రాలే. చేతులనిండ ముండ్లు గుచ్చుకున్నయి. బస్సు టైమాయె. ఇడిసిపెట్టి పోయిన." అరచేయి చూసుకుంది. "సచ్చిపోయిందనుకున్న ఇన్నేండ్లు."

నాగరాణి రెండో పువ్వును ముందుకు జరిపింది. "దీనికి అదే తల్లి. నేను పుట్టించిన. మీ పేరు పెడుదామనుకుంటున్న."

"వద్దు బిడ్డా" అంది బస్వమ్మ వెంటనే. "ఆ ఇంట్ల నా పేరు ఎవ్వలు తియ్యలే ఇన్నిరోజులు. ఇప్పుడు పువ్వుకు పెట్టి ఏంజేస్త? చేసింది నువ్వు. నీ పేరే పెట్టుకో." ఆమె నాగరాణి ముఖం పరీక్షగా చూసింది. "పానం బాగుంటలేదా? కండ్ల కింద నల్లగయింది."

"అత్త మంచంల ఉన్నది. నిద్ర తక్కువ" అంది నాగరాణి. ఎవరైనా ఆ మాట అడిగి చాలా రోజులైంది. లేచి నిలబడింది.

ఇంటికి వచ్చాక దాచలేదు. అత్త మంచం పట్టె మీద కూర్చుని ఎక్కడికి పోయిందో, ఏం విన్నదో చెప్పింది. చెన్నమ్మ కళ్లు మూసుకుని విన్నది. ఎంతసేపటికీ పలకకపోతే నిద్రపోయిందేమో అనుకుని నాగరాణి లేవబోయింది.

"నోట్ల పండ్లున్నయా?"

"ఎవలకు?"

"అక్కకు."

"కొన్ని ఉన్నయి అత్తా."

"నడుస్తదా?"

"మంచిగ నడుస్తది."

చెన్నమ్మ కళ్లు తెరిచింది. "ఒక్కపారి రమ్మను" అంది.

నాగరాణి ఫోన్ చేస్తే బస్వమ్మ రానంది. "ఏం చూద్దామని? ఇద్దరం ముసలోళ్లమైనం, అంతే గదా" అని పెట్టేసింది. చలి పెరిగింది. అల్లం తవ్వే రోజులొచ్చాయి. నర్సరీకి వచ్చే కూలి మనిషి కూడా అల్లం చేన్లకు పోవడంతో నాగరాణికి పని ఇంకా ఎక్కువైంది. చెన్నమ్మకు వీపు మీద పుండు మొదలైంది. దాన్ని కడుగుతూ, మందు రాస్తూ, మూలుగు వింటూ, నాగరాణి కొన్ని పూటలు తినడం కూడా మరిచేది. జనవరి, ప్రదర్శన, అవన్నీ వేరే ఎవరి సంగతో అన్నట్టుండేవి.

ఒక పొద్దున సంచి పట్టుకుని బస్వమ్మ వాకిట్లో నిలబడింది. చెప్పి రాలేదు. ఇంటిని కింది నుంచి పైదాకా చూసింది. పెంకులు పోయి స్లాబు వచ్చిందన్నది. తర్వాత వెనక్కి పోయి కంచె దగ్గర నిలబడింది. మొద్దు మీద చేయి వేసి, ఎండుకొమ్మ ఒకటి విరిచి పారేసి, లోపలికి వచ్చింది.

చెన్నమ్మ లేవబోయి లేవలేక తల మాత్రం ఎత్తింది.

"వచ్చినవా అక్కా."

"వచ్చిన." బస్వమ్మ స్టూలు మీద కూర్చుంది. "నేను వాకిట్ల పెట్టిన చెట్టు ఎనుకకెట్ల వోయింది?"

నాగరాణి తలుపు దగ్గరే నిలబడిపోయింది. చెన్నమ్మ పైకప్పు చూస్తూ చెప్పింది.

"నువ్వు గుంజేది కిటికీలకెల్లి చూసిన. నువ్వు పోయినంక మన్ను కాలుతోని అదిమి నీళ్లు పోసిన. అత్త చూసి, పోయినదాని గుర్తు ఇంట్ల ఉండొద్దు, పెరికి పారెయ్యి అన్నది. పెరికిన. పారెయ్యబుద్ధి కాలే. ఎన్క కంచె పొంటి పెట్టిన, ఎవ్వలు చూడని కాడ. కాన్పుకు పోయొచ్చినంక అది పూసింది. ఇదెక్కడిదని అత్త అడిగింది. మా అమ్మగారింటికెల్లి తెచ్చిన అన్న. గదే చెప్పుకుంట వచ్చిన, అందరికి."

"ఎందుకు?"

"ఏమో అక్కా. అది సచ్చిపోతే నీ ఉసురు నాకు తాకుతదనిపించింది. నేను అడిగి రాలే ఈ ఇంటికి. నాకు పదహారేండ్లు అప్పుడు. నీళ్లు పోసిన, అంతే. ఇంకేం జేద్దునో నాకు తెల్వకపాయె."

బస్వమ్మ ముఖంలో కోపం వచ్చినట్టే వచ్చి నిలవలేదు. అంత దూరం నుంచి మోసుకురావడానికి అది చాలా పాతదైపోయింది.

"పోసినవు గదా" అంది చివరికి. తర్వాత లేచి దుప్పటి తొలగించి చూసింది. "ఈ పుండేంది? ఒక్క పక్కనే పండుకుంటున్నవా? తిరుగు, అటు తిరుగు."

హాస్టల్లో జబ్బుపడ్డ పిల్లలను చూసుకున్న చేతులు అవి. నాగరాణి సాయానికి వస్తే వెనక్కి తిరిగి చూసింది.

"నువ్వు పోయి పండుకో."

"అన్నం వండాలె అత్తమ్మా..."

"పండుకో అన్న. ఆకలైతే నేనే లేపుత."

నాగరాణి పక్కగదిలో చాప వేసుకుంది. ఐదు నిమిషాలు నడుం వాల్చి లేద్దామనుకుంది. గోడ అవతల నుంచి ఇద్దరి మాటలు వినిపించాయి. మోకాళ్ల నొప్పులు, ఎవరెవరు పోయారు, పాత ఇంట్లో బావి ఎప్పుడు పూడ్చారు. వింటూనే నిద్రలోకి జారిపోయింది. లేచేసరికి ఎండ వాలిపోయింది. వంటింట్లో జొన్నరొట్టెలు గుడ్డ కింద ఉన్నాయి. బస్వమ్మ సాయంత్రం బస్సుకు పోయింది.

ఆ తర్వాత వారానికోసారి వచ్చేది. పిలిచినా పిలవకపోయినా. మొదటిసారి చూసినప్పుడు నాగరాజ్ ఏమనాలో తెలియక నిలబడ్డాడు. "నాయిన తీరే ఉన్నవు" అంది బస్వమ్మ. అంతకుమించి అనలేదు. అతను మాత్రం ఆ రోజు నుంచి ఆమెను బస్టాండు దాకా బండి మీద దింపి వచ్చేవాడు.

జనవరిలో ప్రదర్శన రోజుకు ముందు బస్వమ్మ రెండు రోజులుండేలా వచ్చింది. నాగరాణి తెల్లవారకముందే మొగ్గలు కోసి, కాడలకు తడి దూది చుట్టి, అట్టపెట్టెలో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కింది. పటాన్‌చెరు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, అక్కడి నుంచి ఆటో పట్టి చేరేసరికి హాలంతా పువ్వులే. ఒక్కో పువ్వు గిన్నె అంత ఉంది. తన మొగ్గల్లో ఒకటి దారిలో వేడికి పూర్తిగా విచ్చుకుపోయింది. మిగిలిన వాటిలో మంచిది ఏరి సీసాలో పెట్టింది.

రాజశేఖర్ వచ్చాడు. ఆమె చెప్పింది విని చిన్న అట్టముక్క మీద రాసుకున్నాడు. "పీస్ కొమ్మ మారితే వచ్చింది తల్లి. పాపా మెయిలాండ్ తండ్రి. ఈ పీస్‌నూ పాపా మెయిలాండ్‌నూ పుట్టించింది ఫ్రాన్స్‌లో ఒకటే కుటుంబం, తెలుసా? మీ తల్లిచెట్టుకు పేరు లేదు కాబట్టి పీస్ కొమ్మ అని రాస్తున్నా. మరి మీ గులాబి పేరు?"

నాగరాణి చేతులు చీర కొంగుకు తుడుచుకుంది.

"నాగరాణి అని రాయండి సార్."

బహుమతి రాలేదు. కాడ సన్నగా ఉందని, పువ్వు బరువుకు వంగుతోందని న్యాయనిర్ణేత అన్నాడు. వాసన బాగుందన్నాడు. వచ్చే ఏడు మళ్లీ తీసుకురమ్మన్నాడు. ఒకామె ఆగి, పువ్వు మీదికి వంగి, అట్టముక్క మీదున్నది చదివి, "నాగరాణి" అని పైకి అంది. బల్ల వెనక కుర్చీలో కూర్చుని ఉన్న నాగరాణికి అది తననే పిలిచినట్టయింది. లేవబోయి మళ్లీ కూర్చుంది. కాళ్లు లాగుతున్నాయి. కాసేపటికి ఆ కుర్చీలోనే కునుకు తీసింది.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. లోపల ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. రొట్టె గట్టిగుందని చెన్నమ్మ, పండ్లు లేనోళ్లకు రొట్టె ఎందుకని బస్వమ్మ. నాగరాణి చెప్పులు విడిచి గడప మీదే కూలబడింది.

"ఏమన్నరు?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"ఇనామ్ రాలే. కాడ సన్నగున్నదట."

"ఎరువు తక్కువైంది" అంది బస్వమ్మ.

"నీళ్లు ఎక్కువైనయి" అంది చెన్నమ్మ. వెంటనే, "నాగరాణీ, జర చాయ్ పెట్టు" అంది.

నాగరాణి గడపకు చేయి ఆనించి లేవబోయింది. బస్వమ్మ ఆమె భుజం మీద చేయి వేసి కిందికి అదిమింది.

"కూసోనియ్యవే దాన్ని. నేను పెడత."

వంటింట్లో గిన్నెల చప్పుడైంది. ఒక డబ్బా తీసిన చప్పుడు, మూసిన చప్పుడు, ఇంకొకటి తీసిన చప్పుడు.

"చక్కెర ఏడ పెట్టిన్రే?" అని కేక వేసింది బస్వమ్మ.

"పై అరల, ఎడమ దిక్కు" అంది నాగరాణి, గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని.